గిడ్డంగి తాళపుచెవి: ప్రమాదకర పదార్థాల నిలువ చరిత్ర

1654వ సంవత్సరం అక్టోబరు 12వ తేదీన హాలెండు దేశంలోని డెల్ఫ్ట్ నగరంలో కార్నెలిస్ సూటెన్స్ అనే ఉద్యోగి తన అధీనంలో ఉన్న గిడ్డంగి తలుపు తెరిచినాడు. ఒకప్పుడు ఆ కట్టడం క్రైస్తవ సన్యాసినుల మఠం. అప్పటికి అందులో పీపాలకొద్దీ తుపాకిమందు, సుమారు 30 టన్నులు, నిలువ ఉన్నది. మందు చెడకుండ ఉన్నదో లేదో నమూనా తీసి చూడడం ఆనాటి పని. తలుపు తెరిచిన కొద్దిసేపటికే గిడ్డంగి పేలిపోయినది. నగరంలో పెద్ద భాగం నేలమట్టమైనది. 100 మందికి పైగా మరణించినారు, వేలమంది గాయపడినారు. ప్రసిద్ధ చిత్రకారుడు కారెల్ ఫాబ్రిటియస్ మృతులలో ఒకడు. ఆనాడు చాలమంది పొరుగూళ్ల సంతకూ, తిరునాళ్ళకూ వెళ్ళి ఉండడం వలన ప్రాణనష్టం అంతటితో ఆగినది. లోపల ఏమి జరిగినదో చెప్పగలవాడు తలుపు తెరిచినవాడు ఒక్కడే, అతడు మిగలలేదు.

రసాయనశాస్త్ర గ్రంథాలలో ఒక పదార్థాన్ని తయారుచేసే విధానం ఉంటుంది. దాని ఉపయోగాలు ఉంటాయి. తయారీకీ ఉపయోగానికీ నడుమ ఆ పదార్థం రోజులో, నెలలో, ఒక్కొక్కప్పుడు సంవత్సరాలో ఏదో ఒక గిడ్డంగిలో పడి ఉంటుంది. ఆ నడిమికాలాన్ని గురించి పాఠ్యగ్రంథాలు సాధారణంగా మాట్లాడవు. కాని పారిశ్రామిక చరిత్రలోని ఘోర ప్రమాదాలు అనేకం ఆ నడిమికాలంలోనే సంభవించినవి. అప్పుడు ఆ పదార్థాన్ని కనిపెట్టిన శాస్త్రజ్ఞుడు దగ్గర ఉండడు. కొన్న యజమానీ ఉండడు. తాళపుచెవి మొలలో పెట్టుకొని, హమాలీల చేత మూటలు ఎత్తించి దింపించే గిడ్డంగి అధికారి ఉంటాడు. అతడు తెలుసుకోవలసిన విషయాలు ఒక్కసారిగా బోధపడినవి కావు. నిప్పురవ్వ, గుట్ట, పొరుగు, పేరు, కాలం అనే అయిదింటిని గురించి మానవుడు ఒక్కొక్క పాఠమే నేర్చుకున్నాడు. ప్రతి పాఠానికీ మనుష్యుల ప్రాణాలే మూల్యమైనవి.

నిప్పురవ్వ

తుపాకిమందులో 75 పాళ్ళు పెట్లుప్పు, 15 పాళ్ళు బొగ్గు, 10 పాళ్ళు గంధకం ఉంటాయి. పెట్లుప్పు అనగా పొటాసియం నైట్రేట్. 17, 18వ శతాబ్దాలలో ఐరోపా దేశాలకు ఇది మన బీహారు ప్రాంతం నుండి ఓడలకొద్దీ ఎగుమతి అయ్యేది. కట్టె మండడానికి గాలి కావాలి. గాలి అందకపోతే మంట ఆరిపోతుంది. తుపాకిమందు సంగతి వేరు. బొగ్గుకూ గంధకానికీ కావలసిన ఆక్సిజన్ పెట్లుప్పులోనే ఇమిడి ఉన్నది. కనుక బిగించిన పీపాలో కూడ అది మండగలదు. అట్లా మండినప్పుడు పుట్టిన వాయువులకు దారి లేక పీపాను బ్రద్దలు కొట్టుకొని వస్తాయి.

ఇట్టి పదార్థానికి ఒక్క నిప్పురవ్వ చాలును. ఇనుము రాతికి తగిలితే రవ్వ పుడుతుంది. అందుచేత మందుగుండు గిడ్డంగులలో ఇనుప మేకులకు బదులు రాగి మేకులు, కొయ్య సీలలు వాడినారు. నేలపై కొయ్యపలకలు పరిచినారు. పనివారు తమ చెప్పులు వాకిట విడిచి మేకులు లేని ప్రత్యేక పాదరక్షలు తొడుగుకొనేవారు. చుట్టలు, పొగగొట్టాలు, చెకుముకిరాళ్ళు గేటు వద్దనే అప్పగించవలసి ఉండేది. యుద్ధనౌకలలోని మందు గదికి దీపం తీసుకుపోరాదు కనుక పక్కన మరొక చిన్న గది కట్టి, నడిమి గోడకు గాజు కిటికీ అమర్చి, దీపాన్ని ఆ గాజు వెనుక ఉంచేవారు.

నేలమీది రవ్వకు ఇన్ని కట్టుబాట్లు చేసినా, ఆకాశం నుండి పడే రవ్వ ఒకటి మిగిలినది. 1769లో ఇటలీలోని బ్రెషియా నగరంలో తుపాకిమందు నిలువ చేసిన ఒక కట్టడంపై పిడుగు పడినది. నగరంలో పెద్ద భాగం ధ్వంసమైనది. ఈ వార్త ఇంగ్లండును కలవరపెట్టినది. థేమ్స్ నది ఒడ్డున పర్‌ఫ్లీట్ అనేచోట ఉన్న ప్రభుత్వపు మందుగుండు గిడ్డంగులను పిడుగు నుండి ఎట్లా కాపాడవలెనని 1772లో రాయల్ సొసైటీని అడిగినారు. ఆ సంఘంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్, హెన్రీ కావెండిష్ వంటివారు ఉన్నారు. మొన తేలిన లోహపు కడ్డీలను కప్పుపై నిలిపి భూమిలోకి కలపవలెనని వారు సలహా ఇచ్చినారు. బెంజమిన్ విల్సన్ అనే సభ్యుడు మాత్రం మొన ఉంటే పిడుగును పిలిచినట్లే అవుతుంది, గుండు తల ఉండవలెనని వాదించినాడు. 1777లో పర్‌ఫ్లీట్‌లోని ఒక భవనంపై నిజంగానే పిడుగు పడినది. కొద్దిపాటి నష్టం తప్ప మరేమీ జరుగలేదు.

మొదటి పాఠంలో గమనించదగిన అంశం ఒకటి కలదు. రాగి మేకులు, కొయ్య సీలలు వాడుకలోకి వచ్చేనాటికి ఆక్సిజన్ అనే మూలకాన్ని ఎవరూ ఎరుగరు. మంట ఎందుకు పుడుతుందో తెలియకముందే మంటను దూరముంచే పద్ధతి గిడ్డంగి పనివారికి తెలిసినది. అయితే ఆ పద్ధతి నిలవడం అధికారి నడవడిపై ఆధారపడి ఉండేది. అధికారి తానే బూట్లతో లోపలికి నడిస్తే ఆనాటితో ఆ నియమం చచ్చినట్లే.

గుట్ట

20వ శతాబ్దం ఆరంభంలో గిడ్డంగిలోకి ఒక కొత్త సరుకు వచ్చినది. గాలిలోని నైట్రోజన్ నుండి అమోనియా తయారుచేసే హేబర్–బాష్ పద్ధతి 1913లో జర్మనీలోని ఓప్పౌ కర్మాగారంలో మొదలైనది. అక్కడ అమ్మోనియం సల్ఫేట్, అమ్మోనియం నైట్రేట్ కలిసిన ఎరువు గుట్టలు గుట్టలుగా నిలువ చేసేవారు. అమ్మోనియం నైట్రేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానకాలంలో ఉప్పు జాడీలో ఉప్పు ఎట్లా అట్టకడుతుందో, ఈ ఎరువు కూడ అట్లాగే తన బరువు కింద తాను నలిగి రాయి వలె గట్టిపడుతుంది. గునపాలతో త్రవ్వుదామంటే పైభాగం విరిగి మీదపడే ప్రమాదం. అందుచేత ఆ గుట్టలో చిన్న చిన్న డైనమైటు తూటాలు పేల్చి ఎరువును వదులుచేసేవారు. ఆ పాళ్ళలో కలిసిన మిశ్రమం పేలదని ముందుగా పరీక్షించి చూచినారు. సుమారు 20,000 తూటాలు పేల్చినా ఏమీ కాలేదని లెక్క. అంతకన్న గట్టి రుజువు ఏముంటుందని అందరూ అనుకున్నారు.

1921 జూలైలో క్రీవాల్డ్ అనే ఊరి రైల్వే స్టేషనులో గట్టిపడిన అమ్మోనియం నైట్రేట్‌ను ఇట్లాగే తూటాతో వదులుచేయబోగా రెండు బండ్లు పేలి 19 మంది చనిపోయినారు. ఆ తరువాత కూడ ఓప్పౌలో తూటాల వాడుక ఆగలేదు. అదే సంవత్సరం సెప్టెంబరు 21వ తేదీ ఉదయం ఏడున్నర గంటల వేళ ఓప్పౌ గిడ్డంగి పేలినది. అందులో ఉన్నది సుమారు 4,500 టన్నుల ఎరువు. పేలినది అందులో పదోవంతు మాత్రమే కావచ్చునని అంచనా. ఆ చోట 125 మీటర్ల పొడవు, 90 మీటర్ల వెడల్పు, 19 మీటర్ల లోతు గల గొయ్యి ఏర్పడినది. 500 మందికి పైగా మరణించినారు. ఎరువును ఆరబెట్టే పద్ధతిలో అంతకుముందు చేసిన మార్పు వలన దానిలో తేమ తగ్గి, సాంద్రత తగ్గి, పేలే స్వభావం పెరిగినదని తరువాతి పరిశోధకులు భావించినారు. పేరు మారలేదు, పాళ్ళు మారలేదు. గుణం మాత్రం మారినది. 20,000 పర్యాయాలు జరుగనిది మరొక పర్యాయం కూడ జరుగదని చెప్పడానికి వీలులేదు. గిడ్డంగిలో అలవాటు రుజువు కాజాలదు.

గుట్ట పరిమాణంలోనే మరి రెండు చిక్కులు ఉన్నవి. ఒక ఘనాకారపు గుట్ట భుజాన్ని రెట్టింపు చేస్తే దాని ఉపరితలం నాలుగు రెట్లు, ఘనపరిమాణం ఎనిమిది రెట్లు అవుతుంది. లోపల ఏదైనా రసాయనిక చర్య వలన పుట్టే వేడి ఘనపరిమాణాన్ని అనుసరిస్తుంది. బయటకు పోయే వేడి ఉపరితలాన్ని అనుసరిస్తుంది. అనగా గుట్ట పెరిగినకొద్దీ వేడి లోపలనే చిక్కుకుంటుంది. పెద్ద బొగ్గు రాసులు, తడిసిన గడ్డివాములు ఎవరూ నిప్పు పెట్టకుండానే అంటుకోవడానికి కారణం ఇదే. రెండవ చిక్కు పేలుడు ధాటికి సంబంధించినది. ఆ ధాటి చేరే దూరం పదార్థపు బరువుకు ఘనమూలాన్ని అనుసరించి పెరుగుతుంది. కనుక 8 టన్నులు గల గుట్టను టన్నుకొకటిగా 8 గుట్టలు చేస్తే ఒక్కొక్కదాని ప్రమాదదూరం సగమవుతుంది. అయితే ఒకటి పేలినప్పుడు రెండవది అంటుకోనంత ఎడం వాటి నడుమ ఉండి తీరాలి. ఎంత సరుకు, ఎంత ఎడం అనే పట్టికలు ఈ లెక్క నుండి పుట్టినవే. గిడ్డంగిలో ఇంకా చోటు ఉన్నది గదా అని మరొక బండి సరుకు దింపించే అధికారి ఆ లెక్కను కాలదన్నినట్లే.

పొరుగు

ఒక పదార్థం తాను ఒంటరిగా ఉన్నప్పుడు మంచిదే కావచ్చును. పక్కన ఉన్నదానిని బట్టి దాని నడవడి మారుతుంది. ఈ మూడవ పాఠం భారతదేశపు నేలమీదనే నేర్వవలసి వచ్చినది. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ‘ఫోర్ట్ స్టికిన్’ అనే ఓడ సుమారు 1,400 టన్నుల మందుగుండు సామగ్రితో ఇంగ్లండు నుండి బయలుదేరినది. కరాచీలో కొంత సరుకు దింపి, ఆ ఖాళీలో సుమారు 8,700 బేళ్ళ ప్రత్తిని, నూనె పీపాలను, కలపను ఎక్కించుకున్నది. 1944 ఏప్రిల్ 12వ తేదీన బొంబాయి విక్టోరియా డాక్‌లోకి వచ్చినది. ఓడ రెండవ నంబరు గదిలో అడుగున ప్రత్తి, దానిపై అంతస్తులో త్వరగా పేలే రకపు మందుగుండు ఉన్నవి. నిప్పుకూ ప్రత్తికీ చుట్టరికం కుదరదని పల్లెలో పసిపిల్లవానికి కూడ తెలుసును. యుద్ధపు తొందరలో ప్రత్తినే పొయ్యిగాను, మందుగుండును కుండగాను అమర్చినట్లయినది.

14వ తేదీ మధ్యాహ్నం సుమారు రెండు గంటలకు ఆ గదినుండి పొగ వచ్చినది. బిగించి కట్టిన ప్రత్తి బేలు పైకి మండదు, లోలోపల రాజుకుంటుంది. అగ్నిమాపకదళంవారు పోసిన నీరు వందల టన్నులు లోపలికి పోయినది గాని అడుగున ఉన్న నిప్పు ఆరలేదు. ఓడ పక్కభాగం బయటినుండి ముట్టుకోలేనంత వేడెక్కినది. అటువంటి సరుకు ఉన్నదని తెలిపే ఎర్రజెండా ఆ ఓడపై ఎగురుతూ ఉండలేదు. వేర్వేరు శాఖల అధికారులు ఎందరో అక్కడ చేరినారు. ఓడను అక్కడనే ముంచివేయడమా, రేవు బయటకు లాగివేయడమా అనే ప్రశ్న వచ్చినది. ఎవరి అభిప్రాయం వారు చెప్పినారు; ఇది చేయండి అని ఆజ్ఞాపించే అధికారం గల ఒక్క మనిషి లేకపోయినాడు. సాయంత్రం 4 గంటల 6 నిమిషాలకు ఓడ పేలినది. అరగంట తిరగకముందే మరింత భయంకరంగా రెండవ పేలుడు సంభవించినది. మండుతున్న ప్రత్తి నగరంపై వాన వలె కురిసినది. సిమ్లాలోని భూకంపలేఖిని ఈ అదురును నమోదు చేసినది. మృతుల సంఖ్య 800 నుండి 1,300 వరకు ఉండవచ్చునని వేర్వేరు లెక్కలు చెబుతున్నవి. వారిలో అగ్నిమాపక సిబ్బంది 60 మందికి పైగా ఉన్నారు. వారి స్మృత్యర్థమే నేటికీ ఏప్రిల్ 14వ తేదీని దేశమంతటా అగ్నిమాపకదినంగా పాటిస్తున్నారు.

ఈ ఘటన రెండు సత్యాలను చాటినది. ఆక్సిజన్‌ను ఇచ్చే పదార్థాన్నీ, పేలే పదార్థాన్నీ మండే పదార్థంతో ఒకే కప్పు కింద ఉంచరాదన్నది మొదటిది. ప్రమాదవేళ ఆజ్ఞ ఇచ్చేవాడు ఒక్కడే ఉండవలెను, వాడెవడో ముందుగానే నిర్ణయమై ఉండవలెనన్నది రెండవది. పొరుగు పాఠం ఓడలకే పరిమితం కాదు. నీటి శుద్ధికి వాడే బ్లీచింగు పౌడరు పక్కన ఆమ్లపు క్యాను ఉండి రెండూ కారి కలిస్తే విషవాయువైన క్లోరిన్ వెలువడుతుంది. కాల్షియం కార్బైడు డబ్బాపై వాననీరు పడితే అసిటిలీన్ అనే మండే వాయువు పుడుతుంది. అందుచేత గిడ్డంగిలో వస్తువులను సర్దేటప్పుడు ‘ఇది ఏమిటి’ అనే ప్రశ్నతోపాటు ‘దీని పక్కన ఉన్నది ఏమిటి’ అనే ప్రశ్న కూడ వేసుకోవలసి ఉంటుంది.

పేరు

బొంబాయిలో సరుకు మందుగుండు అని కొందరికైనా తెలుసును. సరుకు పేరే మనుష్యులను మోసగించిన ఘటన మూడేండ్ల తరువాత అమెరికాలో జరిగినది. 1947 ఏప్రిల్ 16వ తేదీ ఉదయం టెక్సస్ సిటీ రేవులో ‘గ్రాండ్‌కాంప్’ అనే ఓడలోకి కాగితపు సంచులలో అమ్మోనియం నైట్రేట్ ఎక్కిస్తున్నారు. అప్పటికి ఓడలో సుమారు 2,300 టన్నులు ఉన్నది. అందరి దృష్టిలో అది ఎరువు. పొలంలో చల్లే వస్తువు. ఎనిమిది గంటల వేళ పొగ కనిపించినది. నీరు పోస్తే సరుకు పాడవుతుందని ఓడ కెప్టెన్ గది తలుపులు బిగించి లోపలికి నీటి ఆవిరి పంపించినాడు. గాలి అందకుండ చేసి మంటను ఆర్పడం ఓడలలో పాత పద్ధతి. ప్రత్తి అయితే ఆరేదేమో. కాని అమ్మోనియం నైట్రేట్ తుపాకిమందులోని పెట్లుప్పు వలె తన ఆక్సిజన్‌ను తానే తెచ్చుకున్నది. గాలి అడ్డగించడం వలన ప్రయోజనం లేకపోగా, ఆవిరి దానిని మరింత వేడిచేసినది. బిగించిన తలుపులు ఒత్తిడిని పెంచినవి. నారింజవన్నె పొగను చూడడానికి జనం, పిల్లలతో సహా, రేవులో గుమిగూడినారు. 9 గంటల 12 నిమిషాలకు ఓడ పేలినది. కనీసం 581 మంది మరణించినారు. ఆ ఊరి స్వచ్ఛంద అగ్నిమాపకదళంలోని 28 మందిలో 27 మంది ఒక్క క్షణంలో పోయినారు.

వారిలో ధైర్యానికి లోటు లేదు; లోటు సమాచారానికి. ‘ఎరువు’ అన్న పేరు ఆ పదార్థపు ఉపయోగాన్ని చెబుతుంది, స్వభావాన్ని చెప్పదు. ఒక దేశంలో ఒక పేరు, మరొక దేశంలో మరొక పేరు. వ్యాపారుల పేర్లు వేరు. ఈ చిక్కు తీర్చడానికి ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో ప్రమాదకర వస్తువుల రవాణాకు సిఫారసులు ప్రచురించినది. ఆ పద్ధతి క్రమంగా విస్తరించి నేడు ప్రపంచమంతటా అమలులో ఉన్నది. దీని ప్రకారం పదార్థాలు 9 తరగతులు: పేలేవి, వాయువులు, మండే ద్రవాలు, మండే ఘనాలు, ఆక్సీకరణులు, విషాలు, రేడియోధార్మిక పదార్థాలు, ఒరిసి తినివేసేవి, ఇతరములు. ప్రతి పదార్థానికీ నాలుగంకెల సంఖ్య ఉంటుంది. అమ్మోనియం నైట్రేట్‌కు 1942, క్లోరిన్‌కు 1017, పెట్రోలుకు 1203. రహదారిపై వెళ్ళే ట్యాంకరు వెనుక పలకమీద 1203 అని కనబడితే అందులో ఉన్నది పెట్రోలని ఏ భాషవాడైనా గ్రహించగలడు. 2003లో సమితివారే లేబుళ్ళ బొమ్మలను కూడ అన్ని దేశాలకూ ఒకేతీరున ఏర్పరచినారు. ఎర్ర అంచు గల పలకలో జ్వాల బొమ్మ, పుర్రె బొమ్మ చదువురాని హమాలీతో కూడ మాట్లాడుతాయి. ఆ బొమ్మల అర్థం అతనికి ఎవరైనా ఒకసారి చెప్పి ఉంటే.

కాలం

రవ్వను దూరం పెట్టి, గుట్టను చిన్నదిచేసి, పొరుగును ఎంచి, పేరు వ్రాసి ఉంచినా ఇంకొక శత్రువు మిగిలి ఉన్నది. అది తాళం వేసిన తలుపులోనుండి కూడ లోపలికి పోగలదు. కాలం చేసే పనిని 2020వ సంవత్సరంలో మూడు నెలల వ్యవధిలో ప్రపంచం రెండుమార్లు చూచినది.

మొదటిది తెలుగునేలపై జరిగినది. విశాఖపట్నం సమీపంలోని ఆర్.ఆర్. వెంకటాపురంలో ఒక ప్లాస్టిక్ ముడిపదార్థాల కర్మాగారం కలదు. అక్కడి ట్యాంకులో స్టైరీన్ అనే ద్రవం నిలువ ఉన్నది. స్టైరీన్ అణువులు ఒకదానితో ఒకటి గొలుసు వలె అతుక్కొని పాలిస్టైరీన్ అవుతాయి. అతుక్కొనేటప్పుడు వేడి పుడుతుంది. వేడి వలన ఆ చర్య మరింత వేగిరపడుతుంది. దీనిని ఆపడానికి స్టైరీన్‌లో నిరోధకం అనే మందును కొద్దిపాళ్ళలో కలిపి, ద్రవాన్ని చల్లగా ఉంచుతారు. నిరోధకం క్రమంగా ఖర్చవుతూ ఉంటుంది కనుక దాని పరిమాణాన్ని తరచు పరీక్షించి, తగ్గినంత మరల కలుపుతూ ఉండాలి. ఆ సంవత్సరం మార్చి చివరి వారంలో దేశమంతటా రాకపోకలు నిలిచినవి, కర్మాగారం ఆగినది. యంత్రాలు ఆగినవి గాని ట్యాంకులోని రసాయనశాస్త్రం ఆగలేదు. మే 7వ తేదీ తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు ట్యాంకు నుండి ఆవిరి పొంగి ఊరిమీదికి వచ్చినది. స్టైరీన్ అణుభారం 104. గాలి సగటు అణుభారం 29. అనగా ఆ ఆవిరి గాలికన్న మూడున్నర రెట్లు బరువు. కనుక అది పైకి పోక నేలనంటి ప్రాకి, నిద్రిస్తున్నవారిని చేరినది. 12 మంది మరణించినారు. వందలమంది ఆసుపత్రుల పాలైనారు. రాష్ట్రప్రభుత్వం నియమించిన ఉన్నతస్థాయి సంఘం విచారించగా, నిరోధకం చాలకపోవడం, శీతలీకరణ యంత్రాన్ని రాత్రివేళ ఆపివేయడం, ఉష్ణోగ్రతను ట్యాంకు అడుగున మాత్రమే కొలవడం, ప్రమాదసూచక సైరన్ మ్రోగకపోవడం వంటి లోపాలు బయటపడినవి. వేడి ద్రవం పైకి తేలుతుందని ఉన్నతపాఠశాల విద్యార్థి ఎరుగును. అడుగున పెట్టిన ఉష్ణమాపకం పైభాగపు జ్వరాన్ని చెప్పలేకపోయినది.

రెండవది ఆగస్టు 4వ తేదీన లెబనాన్ రాజధాని బీరూట్ రేవులో జరిగినది. 2013లో ‘రోసస్’ అనే ఓడ 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్‌తో అక్కడ చిక్కుకుపోగా, 2014లో ఆ సరుకును 12వ నంబరు గిడ్డంగిలోకి దింపినారు. దానికి యజమాని లేడు. అక్కడినుండి తరలించవలెనని అధికారులు ఉత్తరాలు వ్రాసినారు, సంవత్సరాలు గడిచినవి. అదే కప్పు కింద బాణసంచా కూడ చేరినది. చివరకు నిప్పు అంటుకున్నది. మంటలు ఆర్పడానికి పంపిన 10 మందికీ లోపల ఉన్నదేమిటో తెలియదు, వారెవరూ తిరిగిరాలేదు. 200 మందికి పైగా మరణించినారు. సుమారు 3,00,000 మంది నిలువనీడ కోల్పోయినారు. గుట్ట, పొరుగు, పేరు, కాలం అనే నాలుగు పాఠాలూ ఒక్క గిడ్డంగిలోనే మరచిపోయినట్లయినది. ఈ వార్త విన్న తరువాతనే చెన్నై సమీపంలో 2015 నుండి స్వాధీనంలో పడి ఉన్న సుమారు 700 టన్నుల అమ్మోనియం నైట్రేట్ సంగతి మనదేశంలో అందరి దృష్టికి వచ్చినది. దానిని వేలంవేసి, జాగ్రత్తగా హైదరాబాదుకు తరలించినారు.

తాళపుచెవి పట్టినవాడు

మనదేశంలో పేలుడు పదార్థాల చట్టం 1884 నాటిది. 1984 డిసెంబరులో భోపాల్‌లో మిథైల్ ఐసోసయనేట్ ట్యాంకు నుండి వెలువడిన విషవాయువు వేలమందిని బలిగొన్నది. అదికూడ నిలువ చేసిన పదార్థమే. దానిని చల్లగా ఉంచవలసిన యంత్రం అప్పటికి కొన్ని నెలలుగా ఆగి ఉన్నది. ఆ తరువాత 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం, 1989లో ప్రమాదకర రసాయనాల తయారీ, నిలువ, దిగుమతి నియమాలు, 2012లో అమ్మోనియం నైట్రేట్‌కు ప్రత్యేక నియమాలు వచ్చినవి. నియమాలకు కొదువ లేదు. వాటిని కాగితం నుండి గిడ్డంగి గచ్చుమీదికి దింపేవాడు ఆ గిడ్డంగి అధికారి.

అతని దినచర్యలో ఈ అయిదు పాఠాలూ కనిపిస్తాయి. బండి వచ్చినప్పుడు చీటీ చదువుతాడు. చీటీ లేని పీపాను, కారుతున్న పీపాను దింపనివ్వడు. వెనుకకు పంపే అధికారం అతనికి ఉండాలి. ఆ అధికారం వాడినందుకు అతనిని ఎవరూ దండించరాదు. ముందు వచ్చిన సరుకును ముందు పంపిస్తాడు. లేనిచో మూలన పడినది సంవత్సరాల తరబడి అక్కడే ఉంటుంది. ఉష్ణోగ్రతను తానే చూచి తేదీ వేసి వ్రాస్తాడు. ఏ గదిలో ఏమి ఉన్నదో తెలిపే పటాన్ని గేటు బయట ఉంచుతాడు. 2015 ఆగస్టులో చైనాలోని తియాన్‌జిన్ నగరంలో రసాయనాల గిడ్డంగి అంటుకున్నప్పుడు లోపల ఏమి ఉన్నదో తెలియక ఆర్పబోయినవారే అధికసంఖ్యలో బలి అయినారు. 173 మందిని పొట్టన పెట్టుకున్న ఆ ప్రమాదం, తడిగా ఉంచవలసిన నైట్రోసెల్యులోజ్ ఎండిపోవడంతో మొదలైనది. లోపలి పటం లోపలనే ఉంటే మంటతోపాటు అదీ కాలిపోతుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది పనివారికి చెప్పడం. హమాలీ ఎత్తే సంచి బరువు అతనికి తెలుసును, స్వభావం తెలియదు. కూలి రోజుకు వచ్చి పోయేవాడైనా సరే, ఎత్తబోయేది ఏమిటో, కారితే ఏమి చేయవలెనో, ఎటు పరుగెత్తవలెనో అతని భాషలో, అతడు తిరిగి చెప్పగలిగేదాక చెప్పాలి. ‘వాసన ఏదో తేడాగా ఉన్నదయ్యా’ అని హమాలీ అంటే పని ఆపి వినాలి. ప్రమాదాన్ని మొదట పసిగట్టేది చాలమార్లు కొలమానం కాదు, ఆ మనిషే.

ఈ విషయాలు పెద్ద కర్మాగారాలకే చెందినవని ఉపాధ్యాయులు భావించనక్కరలేదు. ఉన్నతపాఠశాల ప్రయోగశాలలోని బీరువా కూడ ఒక చిన్న గిడ్డంగియే. అందులో సీసాలను అక్షరక్రమంలో సర్దితే చూడడానికి ముచ్చటగా ఉంటుంది గాని, అక్షరక్రమం పొరుగును ఎంచదు. గ్లిసరిన్ సీసా కారి పొటాసియం పర్మాంగనేట్‌పై పడితే కొద్దిసేపటిలో మంట లేస్తుంది. నత్రికామ్లం ఆల్కహాలు పక్కన ఉండరాదు. సోడియం కిరోసిన్‌లో ఉండాలి, తెల్ల భాస్వరం నీటిలో ఉండాలి. చీటీ ఊడిపోయి ఒకదానిని మరొకదానిలో వేస్తే బీరువా మిగలదు. సీసాపై తేదీ లేకపోతే దాని వయస్సు ఎవరికీ తెలియదు. ఒక శనివారం మధ్యాహ్నం విద్యార్థులను వెంటబెట్టుకొని ఆ బీరువా తెరిచి, ప్రతి సీసాను దించి, చీటీ చదివి, పొరుగును మార్చి సర్దితే, ఆ తరగతిలో నేర్చుకున్నది పరీక్ష తరువాత కూడ గుర్తుంటుంది. ఆ విద్యార్థులలో ఎవడో ఒకడు రేపు ఏదో ఒక గిడ్డంగి తాళపుచెవి చేతపట్టుకుంటాడు.